పన్నెండు సూదులు

డబ్బా వెచ్చగా ఉంది.

అటక మీద నుంచి దాన్ని తీసి రెండు చేతులతో పట్టుకున్నప్పుడు మొదట తెలిసింది అదే. జ్వరమొచ్చిన పిల్లవాడి వీపు మీద చెయ్యి వేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. మే నెల, సోమవారం. సాయంత్రం ఆరు దాటినా రేకుల కింద గాలి ఇంకా కాలుతూనే ఉంది. నిచ్చెన మీద అలాగే నిలబడిపోయాను. ఆ డబ్బాలో పన్నెండు సూదులున్నాయి. మా ఆయనకు నెల రోజుల మందు. చల్లగా ఉండాల్సిన మందు. ఎంతసేపు నిలబడ్డానో గుర్తు లేదు. ఒక్కటి మాత్రం గుర్తుంది. అప్పుడు నేను ఆయనకు ఏమవుతుందా అని ఆలోచించలేదు. ఆయనకు ఏమని చెప్పాలా అని ఆలోచించాను.

ఆ వెచ్చదనాన్ని నాలుగేళ్ళుగా మోస్తున్నాను. ఇలాంటి వాటిని గుండె మీద బరువంటారు. నాకు గుండె మీద కాదు, అరచేతుల్లో ఉంటుంది. అన్నం వారుస్తున్నప్పుడు, పాపకు జడ వేస్తున్నప్పుడు, చర్చిలో చేతులు జోడించినప్పుడు ఉన్నట్టుండి అక్కడ వెచ్చబడుతుంది.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్ళకు చెబితే వాళ్ళ ముఖం చూసి మధ్యలో మాట మార్చేస్తాను. నాకది అలవాటు. మీ ముఖం కనపడదు కనుక ఈ రాత్రి మాట మార్చే వీలు లేదు. పిల్లలు పడుకున్నారు. ఆయనా పడుకున్నాడు. రేపు పొద్దున్నే గుంటూరు పోవాలి. పోయేలోపు దీన్ని ఒకసారి పూర్తిగా, మొదటి నుంచి చివరి దాకా, నాకు నేను రాసి చూసుకోవాలి.

మాది రెంటచింతలకు దగ్గర్లో ఒక ఊరు. వేసవిలో టీవీలో ఎండల వార్త చదివితే ముందు వినపడే పేర్లలో మా మండలం ఉంటుంది. ఆయనకు మాచర్ల బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే షాపు ఉండేది. పెళ్ళయిన మూడో ఏట ఆయన కుడికాలు మొద్దుబారింది. చెప్పు జారిపోతే తెలిసేది కాదు. ఊళ్ళో సూదులేసే ఆర్ఎంపీ నరాల బలహీనత అన్నాడు, బలం ఇంజెక్షన్లు చేశాడు. ఆర్నెల్ల తరవాత గుంటూరులో స్కాన్ తీసి ఎం.ఎస్. అన్నారు. మల్టిపుల్ స్క్లెరోసిస్. ఒంటిని కాపాడాల్సిన కణాలే నరాల మీది పొరను కొరికేస్తాయట. నాకు అర్థం కాకపోతే ఆయనే చెప్పాడు, వైరు మీద తొడుగు ఊడిపోయినట్టు, లోపల తీగ బాగానే ఉంటుంది గానీ సిగ్నల్ సరిగ్గా పోదు అని. తన జబ్బు గురించి కూడా ఆయన ఎవరిదో ఫోను విప్పి చూపించినట్టే చెప్పాడు.

తగ్గే జబ్బు కాదన్నారు. మళ్ళీ మళ్ళీ రాకుండా ఆపే ఇంజెక్షన్ ఉందన్నారు. వారానికి మూడు సార్లు, సోమ, బుధ, శుక్ర, చర్మం కింద వేసుకోవాలి. మొదట్లో ఆయన వేళ్ళు సన్నగా వణికేవి. అందుకని నేను నేర్చుకున్నాను.

ఆసుపత్రిలో నర్సు నాకు రెండు పూటలు నేర్పింది. ఫ్రిజ్‌లో పెట్టాలి, గడ్డకట్టే అరలో కాదు. వేసే ముందు అరగంట బయట ఉంచాలి. చేతులు కడుక్కోవాలి. ఒకసారి పొట్ట, ఒకసారి తొడ, ఒకసారి జబ్బ, వేసినచోటే మళ్ళీ వెంటనే వెయ్యకూడదు. వేశాక రుద్దకూడదు. వాడిన సూదికి మళ్ళీ మూత పెట్టకుండా గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, పిల్లలకు అందని చోట ఉంచి, నిండాక ఆసుపత్రికి తెచ్చివ్వాలి. అన్నీ చెప్పి చివర్న నా చెయ్యి పట్టుకుని మరీ ఇంకో మాట చెప్పింది. మీ ఊరిది మామూలు వేడి కాదమ్మా, ఆ వేడి తగిలిందా, ఇక ఆ మందు వాడొద్దు, చూడ్డానికి బాగానే ఉన్నా సరే పక్కన పెట్టి మాకు ఫోన్ చెయ్యి అంది.

చూడ్డానికి బాగానే ఉన్నా సరే. తెలియక చేశానని నేను అనలేను.

ఆ పనిలో నాకు గర్వం కూడా ఉండేది. ఒక పొడుగు నోటు పుస్తకానికి గీతలు గీసి తేదీ, వేళ, ఏ చోట వేసిందీ రాసేదాన్ని. డాక్టరు దాన్ని చూసి పక్కనున్న కుర్ర డాక్టర్లకు చూపించాడు, పేషెంటు ఇంట్లోవాళ్ళు ఇట్లా ఉండాలి అని. రెండేళ్ళు ఏ గొడవా రాలేదు, వేళ్ళ వణుకు కూడా తగ్గింది. ఆయన బండి నడిపేవాడు. షాపులో భూతద్దం పెట్టుకుని ఆవగింజంత స్క్రూలు తీసేవాడు.

అప్పుడు మా ఆడపడుచుకు సంబంధం వచ్చింది. ఆమెను లూర్దు అని పిలుస్తాను, అసలు పేరు అది కాదు. మా అత్తకు ఆఖరి బిడ్డ. అబ్బాయి పిడుగురాళ్ళలో పని చేస్తాడు, మనవాళ్ళే, ఏ వంకా లేని సంబంధం. శనివారం చూడటానికి వస్తామన్నారు.

మా వైపు పిల్లను చూడటానికి వచ్చినవాళ్ళు పిల్లనొక్కదాన్నే చూసి పోరు. ఆడవాళ్ళు వంటింట్లోకి వస్తారు, దొడ్లోకి పోతారు, మంచినీళ్ళ వంకతో ఫ్రిజ్ తలుపు తీస్తారు. ఇల్లు చూడటం అంటారు దాన్ని. మా ఫ్రిజ్ ముందు గదిలోనే ఉంది. తలుపు తీస్తే పై అరలో ముందు కనపడేది మందు డబ్బా.

మా ఆయన గురువారం నాడే చెప్పాడు. వాళ్ళు అడిగితే చెప్పండి, అడక్కపోయినా నా జబ్బు సంగతి చెప్పండి, దాచి చేసే పెళ్ళి నాకొద్దు అని. అత్త ఊఁ అంది. నేనూ ఊఁ అన్నాను. శనివారం పొద్దున ఆయన షాపు తెరిచి మధ్యాహ్నం వస్తానని మాచర్ల పోయాడు. ఆయన బస్సెక్కీ ఎక్కకముందే అత్త వచ్చింది.

"ఏమే, ఆ సూదుల డబ్బా తీసి ఏడన్నా పెట్టు."

"వేడి తగలకూడదు అత్తయ్యా."

"రెండు గంటలు గదే. ఐస్‌ఫ్రూటా ఏంది కరిగిపోను? ఆడోళ్ళు చూశారంటే అన్నకుంది, రేపు చెల్లెలిక్కూడా వచ్చుద్దంటారు. దాని బతుకు నీ చేతుల్లో పెట్టా, ఆ పైన నీ ఇష్టం."

మా అత్త మీదకు నెట్టేద్దామని ఈ నాలుగేళ్ళలో ఎన్నిసార్లు చూశానో. కుదరలేదు. ఆమె చదువుకోలేదు. ఆమెకు నర్సు చెప్పలేదు. నాకు చెప్పింది. పక్కింటి ఫ్రిజ్‌లో పెట్టొచ్చు. కానీ పక్కింటివాళ్ళకూ ఆయన జబ్బు తెలియదు, అది కూడా నేను దాచిందే. అందుకని వెనక రేకుల గదిలో, అటక మీద, ఎవరూ చూడని చోట పెట్టాను. రెండు గంటలేగా అని నేనే అనుకున్నాను.

వాళ్ళకు లూర్దు నచ్చింది. అబ్బాయి మేనమామ ఆ రాత్రి మా ఇంట్లోనే ఉండిపోయాడు, ఆదివారం పూజకు అందరం కలిసి పోదామని. పూజ అయ్యాక ఫాదర్ గారి దీవెన. మధ్యాహ్నం మా ఇంట్లో ముప్పై మంది భోజనం. తరవాత పెద్దవాళ్ళు కూర్చుని మాట అనుకోవడం. అంత సందడిలో మర్చిపోయాను.

ఇక్కడ ఆగాలి. మర్చిపోయాను అని ఇప్పుడే ఎంత తేలికగా రాసేశానో చూడండి. నిజం అది కాదు. ఆదివారం మధ్యాహ్నం పెరుగు వడ్డిస్తుండగా నాకు డబ్బా గుర్తొచ్చింది. చేతిలో గరిటె ఆగింది. అబ్బాయి పెద్దమ్మ ఫ్రిజ్‌కు ఆనుకుని కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆమె లేచాక తెచ్చి పెడదామనుకున్నాను. ఆమె సాయంత్రం దాకా లేవలేదు. ఆమె లేచేసరికి నేను సంతోషంలో ఉన్నాను, ఇంట్లో పెళ్ళి కుదిరిందని. ఆ తరవాత మర్చిపోయిన మాట నిజమే. కానీ అంతకుముందు ఒక్క నిమిషం గుర్తుండి కూడా కదల్లేదు. ఆ నిమిషాన్ని ఇప్పటిదాకా నాకు నేను కూడా ఒప్పుకోలేదు.

సోమవారం ఇంజెక్షన్ వేసే రోజు. అప్పుడు ఎక్కాను నిచ్చెన.

డబ్బాను దించి ఫ్రిజ్‌లో పెట్టాను. గంట తరవాత తీస్తే చల్లగా ఉంది. ఒక సూది తీసి వెలుతురులో పెట్టి చూశాను. నీళ్ళలా తేటగా ఉంది. రంగు మారలేదు, నలక లేదు. చల్లబడింది కదా, బాగైపోయి ఉంటుందిలే అనుకున్నాను. నేను నరసరావుపేటలో బి.ఎస్సీ. చదివాను. ఉడికిన గుడ్డును ఫ్రిజ్‌లో పెడితే పచ్చిగుడ్డు అవుతుందా? ఆ మాత్రం నాకు తెలియదా?

ఆయన కుర్చీలో కూర్చుని చొక్కా పైకెత్తాడు. చెల్లెలి సంబంధం కుదిరిందన్న హుషారులో ఉన్నాడు. "ఏంది కాంపౌండరమ్మా, ఇయ్యాళ ఆలస్యం" అన్నాడు. నేను నవ్వాను. నవ్వి, పొట్ట మీద ఎడం పక్కన చర్మం పట్టుకుని, వేశాను.

ఎందుకు చెప్పలేదు? చాలా సులువు కదా. మందు వేడెక్కింది, ఇది వద్దు, ఆసుపత్రికి ఫోన్ చేద్దాం. అంతే. కానీ ఆయన వెంటనే అడుగుతాడు, ఫ్రిజ్‌లో ఉండాల్సిన డబ్బా ఎలా వేడెక్కింది అని. అప్పుడు అటక సంగతి చెప్పాలి. వాళ్ళకు మీ జబ్బు దాచాం అని చెప్పాలి. ఆయన మనసు కష్టపెట్టుకునేవాడు. నన్నేమీ అనేవాడు కాదు, అలా చూసేవాడు. ఆ చూపును తప్పించుకోవడానికి నేను ఆయన ఒంట్లోకి పాడైన మందు ఎక్కించాను. ఇంతకంటే పెద్ద కారణం ఏదన్నా దొరుకుతుందేమోనని ఏళ్ళ తరబడి వెతికాను. లేదు.

బుధవారం రెండోది వేశాను. శుక్రవారం పొద్దున ఆయన షాపుకు పోకముందే మూడోది. ఆ శుక్రవారం సాయంత్రమే ఆయన షాపు నుంచి నవ్వుకుంటూ వచ్చాడు. పెళ్ళికొడుక్కి తనే ఫోన్ చేసి తన జబ్బు సంగతంతా చెప్పేశాడట. మేము చెప్పామో లేదో అనుమానం వచ్చిందట. ఆ అబ్బాయి, దానికేముంది బావా, మా నాయనకు షుగరు, మా అమ్మకు ఆయాసం, మేం చెప్పామా మీకు, అన్నాడట. ఆయన మా అత్త వంక, నా వంక చూసి, "చూశారా, దాచాల్సిన పనే లా" అన్నాడు. అత్త కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఆ రోజు చెప్పి ఉండాల్సింది. దాచాల్సిన అవసరం తీరిపోయింది. ఆయన కూడా మంచి మనసులో ఉన్నాడు. కానీ అప్పటికి మూడు వేశాను. సోమవారం చెప్పి ఉంటే అది పొరపాటు. శుక్రవారం చెబితే ఏమంటారు దాన్ని? తెలిసి మూడుసార్లు వేశావా అని ఆయన అడుగుతాడు. అందుకని నాలుగోది వేశాను. అలా ఒక్కొక్కటీ దాని ముందుదాన్ని కప్పడానికి వేశాను. పన్నెండూ అయిపోయాయి. వాడిన సూదులన్నీ పద్ధతిగా ప్లాస్టిక్ డబ్బాలో వేశాను. నోటు పుస్తకంలో పన్నెండు వరసలూ రాశాను. ఇవాళ ఆ పుస్తకం తీసి చూశాను. మిగతా నెలలకంటే ఆ నెల దస్తూరీ గుండ్రంగా ఉంది.

జూన్‌లో కొత్త డబ్బా వచ్చింది. అది చల్లగా ఉంది. గండం గడిచిందనుకున్నాను.

జులై చివర్లో ఒకరోజు అన్నం తింటూ ఆయన పళ్ళెంలోకి వంగి చూశాడు. "ఆవకాయ ఇట్టా పాలిపోయిందేంది ఈ ఏడు?" అన్నాడు. ఎర్రగా నిప్పులా ఉంది ఆవకాయ. ఆయన ఒక కన్ను మూసి చూశాడు, రెండోది మూసి చూశాడు. మళ్ళీ మూసి చూశాడు. ఎడమ కంటికి ఎరుపు తెలియడం లేదు. రెండు రోజుల్లో ఆ కంట్లో మంచు పట్టినట్టయింది, కన్ను తిప్పితే నొప్పి.

గుంటూరులో ఐదు రోజులు సెలైన్ ద్వారా స్టెరాయిడ్లు ఎక్కించారు. స్కాన్‌లో కొత్త మచ్చలు కనపడ్డాయి. డిశ్చార్జికి ముందు డాక్టరు మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి అడిగాడు. ఆ మాటల్లో ఒక్కటి కూడా నేను మర్చిపోలేదు.

"రెండేళ్ళు బాగా పనిచేసింది. ఇప్పుడెందుకు ఇలా అయిందో తెలియాలి. డోసులేమన్నా మానేశారా?"

"లేదు సార్" అన్నాను. పుస్తకం తీసి డాక్టరు ముందు పెట్టాను. అడక్కుండానే పెట్టాను.

డాక్టరు పేజీలు తిప్పాడు. "మందు చల్లగానే ఉందా? మీ ఊరి ఎండలు నాకు తెలుసు. కరెంటు పోవడం, ఫ్రిజ్ ఆగిపోవడం, ఎక్కడన్నా బయట ఉండిపోవడం?"

నేను నోరు తెరిచేలోపు మా ఆయన అన్నాడు, కంటికి కట్టుతో, నవ్వుతూ. "మా ఆవిడ గురించి మీకు తెలీదు సార్. పిల్లల్నన్నా బస్టాండులో మర్చిపోద్దిగానీ ఆ డబ్బాని మర్చిపోదు."

డాక్టరు కూడా నవ్వాడు. నవ్వుతూనే నా వైపు తిరిగాడు. "ఏమ్మా?"

"ఫ్రిజ్‌లోనే ఉంది సార్."

"అయితే మందే పనిచెయ్యడం మానేసినట్టు" అని డాక్టరు ఫైల్లో రాసుకున్నాడు.

మనుషులు అబద్ధమాడేటప్పుడు చెమటలు పడతాయంటారు. నాకేమీ కాలేదు. గొంతు మామూలుగా ఉంది. ఆ డాక్టరు నాకు తలుపు బార్లా తీశాడు. పేరు పెట్టి మరీ అడిగాడు, ఎండ, ఫ్రిజ్, బయట అని. నేను లోపల నిలబడి గడియ పెట్టుకున్నాను.

మందు మార్చారు. ఆర్నెల్లకోసారి ఆసుపత్రిలో పడుకోబెట్టి ఎక్కించే పెద్ద మందు. జబ్బు ఆగింది. కానీ ఆ మందుతో ఒంట్లో రోగాన్ని ఎదుర్కొనే శక్తి తగ్గుతుంది. చిన్నోడికి ముక్కు కారితే వాణ్ణి మా అమ్మ దగ్గరికి పంపేవాళ్ళం. వాడు నాన్న మంచం దగ్గరికి పోబోయి గుమ్మంలోనే ఆగడం నేర్చుకున్నాడు. రెండేళ్ళ పిల్లవాడికి నేర్పాల్సిన సంగతా అది? ఆయనకు నడుం చుట్టూ సర్పి వచ్చింది. రెండుసార్లు ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. రెండోసారి, ఈ ఏడు, తొమ్మిది రోజులు ఐసీయూ బయట కూర్చున్నాను. ఎడమ కంటి చూపు కొంత తిరిగొచ్చింది, పూర్తిగా రాలేదు. ఆవగింజంత స్క్రూలు ఇక కనపడలేదు. షాపు ఇంకొకరికి ఇచ్చేశాడు. ఇప్పుడు ఇంటి దగ్గర చార్జర్లు, కవర్లు అమ్ముతాడు.

ఆ పన్నెండు సూదుల వల్లే ఇదంతా జరిగిందా? తెలియదు. సరైన మందు వాడుతున్నా ఈ జబ్బు తిరగబెట్టొచ్చని ఎన్నోచోట్ల చదివాను. ఫోన్‌లో ఆ వాక్యం దొరికిన ప్రతిసారీ ఊపిరి తీసుకున్నాను. దాన్ని పట్టుకుని నెలలు నెలలు గడిపాను. కానీ నేను వెతికింది ఆయన కోసం కాదు, నా కోసం. వల్లే అని చెప్పలేను. కాదని చెప్పడానికి నాకు హక్కు లేదు. అది తేల్చాల్సిన డాక్టరుకు తేల్చే దారి లేకుండా చేసింది నేను.

పాపసంకీర్తనకు పోయాను. పోలేదనుకుంటారేమో. ఈస్టరు ముందు వచ్చే ప్రతి తపస్సుకాలంలోనూ పోయాను. ఫాదర్ గారి ముందు మోకరించి, అబద్ధాలాడాను ఫాదర్ అన్నాను. అది కూడా అబద్ధం కాదు చూడండి. ఎన్ని, ఎవరితో, దేని గురించి అని ఆయన అడగలేదు. మరియమ్మకు మూడు మంగళవార్త జపాలు చెప్పుకోమన్నాడు. చెప్పుకున్నాను. లేచి వస్తుంటే అరచేతులు వెచ్చబడ్డాయి. పాపం చిల్లరగా మార్చి ఇస్తే క్షమాపణ కూడా చిల్లరగానే వస్తుంది.

పైగా అందరూ నన్ను మెచ్చుకుంటారు. చర్చి ఆడవాళ్ళ కూటంలో నన్ను నిలబెట్టి, మొగుడికి సేవ అంటే ఈ పిల్లను చూసి నేర్చుకోండని చెప్పారు. మా పాప బళ్ళో 'మా అమ్మ' అని రాయమంటే, మా అమ్మ మా నాన్నకు నర్సు, ఎప్పుడూ ఏదీ మర్చిపోదు అని రాసింది. టీచరు దాన్ని తరగతికి చదివి వినిపించిందట. తొమ్మిదేళ్ళ పిల్ల ఆ కాగితం నాకు చూపిస్తూ ఎంత మురిసిపోయిందో. నేను బాగుందమ్మా అని చెప్పి బావి దగ్గరికి పోయి ముఖం కడుక్కున్నాను.

అలాగే గడిచిపోయేదేమో. ఇలాంటివి మనిషితోపాటు మట్టిలో కలిసిపోతాయని అనుకునేదాన్ని. పోయిన వారం దాకా.

పోయిన వారం డాక్టరు రక్తపరీక్షలు చూసి, ఈ పెద్ద మందు ఇక ఆపక తప్పదన్నాడు. ఇంకోసారి నిమ్ము వస్తే ప్రాణానికే వస్తుందట. మరి దేనికి మారాలి? డాక్టరు ఫైలు వెనక్కి తిప్పి, ఆ పాత పేజీ దగ్గర వేలు పెట్టి ఆగాడు. నిజానికి మీకిప్పుడు ఆ పాత ఇంజెక్షన్ అయితే మేలు, ఇన్ఫెక్షన్ల భయం ఉండదు, కానీ అది మీ మీద పనిచెయ్యలేదు కదా, ఇంకేదో చూడాలి, వచ్చే వారం రండి నిర్ణయిద్దాం అన్నాడు.

అది పనిచెయ్యలేదని ఆ పేజీలో ఉంది. నేను రాయించిన మాట అది.

బస్సులో వస్తూ ఆయన కిటికీలోంచి చూస్తూ అన్నాడు, ఆ సూది పనిచేసుంటే బాగుండేది, నీ చేత్తో వేస్తే నొప్పి కూడా తెలిసేది కాదు అని. సత్తెనపల్లి దాటాం అప్పుడు. ఆ తరవాత ఇల్లు వచ్చేదాకా నేనేం చూశానో నాకు గుర్తు లేదు.

వారం రోజులు ఉంది కదా అనుకున్నాను. వారమూ అయిపోయింది. రేపే. ఆయనకు చెప్పకుండా డాక్టరొక్కడికే చెబితే? ఆయన బయట ఉన్నప్పుడు లోపలికి పోయి, చీటీ మీద రాసి ఇస్తే? అన్నీ ఆలోచించాను. పన్నెండుసార్లు సూది దిగింది డాక్టరు ఒంట్లో కాదు కదా.

చెబితే ఏమవుతుందో తెలియదు. ఆ పాత మందు మళ్ళీ ఇస్తారో ఇవ్వరో తెలియదు. ఇచ్చినా ఆయన మళ్ళీ నా చేత వేయించుకుంటాడా? చొక్కా పైకెత్తి నా ముందు కూర్చుంటాడా? వేయించుకోకపోతే నర్సుకు చెప్పి ఆయనకే నేర్పిస్తాను. లూర్దు వచ్చి వేస్తుంది. ఎవరు వేసినా మందు చల్లగా ఉంటే చాలు. ఇది రాస్తుంటే నాకు తెలుస్తోంది, నాలుగేళ్ళలో మొదటిసారి నేను మందు గురించి ఆలోచిస్తున్నాను, నా గురించి కాకుండా.

ఇదంతా ఇంతవరకు ఏ మనిషికీ చెప్పలేదు. ఇప్పుడు కాగితం మీద ఉంది. చదివితే ఎంత చిన్నదో. రెండు గంటలు అనుకున్న మూడు రోజులు, ఒక నెల, డాక్టరుకు చెప్పిన మూడు మాటలు. చిన్నదైనంత మాత్రాన తేలికైంది కాదు. కానీ ఇప్పుడు దానికి ఒక మొదలు, ఒక చివర ఉన్నాయి. ఇన్నాళ్ళూ అవి కూడా లేవు.

ఇక్కడిదాకా రాత్రి రాశాను. కిందిది బస్సు కోసం నిలబడి రాస్తున్నాను.

ఆయన ఐదింటికి లేచాడు. టీ ఇచ్చి ఎదురుగా కూర్చుని చెప్పాను. అటక, ఎండ, పన్నెండు, డాక్టరు దగ్గర అబద్ధం. వరసగా చెప్పాను. ఏడవలేదు, ఏడిస్తే ఆయన నన్ను ఓదార్చాల్సి వస్తుందని. ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. "అన్నీ వేశావా?" అన్నాడు. అన్నీ అన్నాను. "నాకు చెప్పాల్సింది గదే. నా ఒళ్ళు గదా అది" అన్నాడు. తువ్వాలు తీసుకుని లేచాడు. స్నానం చేసి వచ్చి గుంటూరు పోవడానికి చొక్కా వేసుకున్నాడు. రోజూ గుండీలు నేనే పెడతాను, జబ్బు తిరగబెట్టినప్పటి నుంచి ఆయన వేళ్ళకు స్పర్శ సరిగ్గా లేదు. దగ్గరికి పోయాను. ఆయన అటు తిరిగి తనే పెట్టుకోవడం మొదలుపెట్టాడు. ఒక్కో గుండీకి చాలాసేపు పట్టింది.

పిల్లలు మంచం మీద కూర్చుని అదంతా చూస్తున్నారు. పాప నా దగ్గరికి వచ్చి మెల్లగా, "నాన్నకు గుండీలు నువ్వెందుకు పెట్టలా?" అంది. వాళ్ళిద్దర్నీ వంటింట్లోకి తీసుకుపోయి పీటల మీద కూర్చోబెట్టాను.

నాన్న మందును నేను ఎండకు పెట్టి పాడుచేశాను, అని చెప్పాను. పాడైందని తెలిసి కూడా నాన్నకు వేశాను. డాక్టరు అడిగితే అబద్ధం చెప్పాను. ఇయ్యాళ పోయి అది అబద్ధమని డాక్టరుకు చెప్పొస్తాను.

చిన్నోడు, "పారెయ్యొచ్చు గదా, ఎందుకేశావ్?" అన్నాడు.

భయమేసి, అన్నాను.

పాప లేచి నాన్న దగ్గరికి పోబోయింది, బతిమాలడానికని నాకు అర్థమైంది. చెయ్యి పట్టుకుని ఆపాను. "నాన్న నాతో మాట్లాడకపోతే, మాట్లాడమని మీరు అడగొద్దు. నా తరపున ఏమీ చెప్పొద్దు. ఎప్పుడు మాట్లాడాలో, అసలు మాట్లాడాలో వద్దో, అది నాన్న ఇష్టం" అని చెప్పాను.